ఇచ్చేసే కుప్ప

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక ఉన్న కిరాయి ఇంట్లోకి ఊర్మిళ వాళ్లొచ్చి నాలుగు నెలలైంది. సూర్యాపేట నుంచి లారీలో తెచ్చిన సామాన్లు సగం ఇంకా మూటల్లోనే ఉన్నాయి. వచ్చిన నెలకే కాన్పు. పాప పుట్టాక ఇల్లు ఆమె చేయి దాటిపోయింది. ఉతికినవీ విడిచినవీ ఒకే మంచం మీద పడుండేవి. నడవడానికి గోడవారన ఒక్క మనిషి పట్టే దారి మిగిలింది. భర్త పరశురాములు దామరచర్ల కరెంటు ప్లాంటుకు తెల్లారకముందే వెళ్లేవాడు. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తెలియక, ఊర్మిళ ఒక్కోరోజు గుమ్మంలోనే కూలబడి ఏడ్చేది.

పక్కింటి గౌరీబాయి అది చూసింది.

"ఇల్లంత ఒక్కపారి సదురుదామనుకుంటే పరేషానే అయితది బిడ్డా. ఒక్క అర్ర పట్టు. మూడు కుప్పలు పెట్టు. ఉంచేటియి, ఇచ్చేటియి, పారేసేటియి. ఆదివారం మునగాల పోయొచ్చి నేను గూడ చెయ్యేస్త."

ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. కరెంటు పోయింది. ముందు గదిలో ఉయ్యాలలో పాప నిద్రపోయింది. గౌరీబాయి వస్తుందని పెరటి తలుపు దగ్గరగా వేసి, ఊర్మిళ లోపలి గదిలో మూటలు విప్పి కూర్చుంది.

మొదట చేతులాడలేదు. పది నిమిషాలు గడిచేసరికి పని ఊపందుకుంది. పెళ్లినాటి చీర ఉంచేది. పగిలిన బకెట్ పారేసేది. బిగుతైన జాకెట్లు ఇచ్చేసేవి. నేల మీద గచ్చు కనపడుతుంటే, గుండె మీద నుంచి ఏదో బరువు దిగినట్టనిపించింది.

మిల్లుల నుంచి వచ్చే తవుడు వాసనలో సన్నగా కలరా ఉండల వాసన కలిసింది. వెనక బట్టలు మడుస్తున్న చప్పుడు. దులపడం... మడవడం... అరచేత్తో సాపు చేయడం.

గౌరీబాయి అవ్వ వచ్చిందనుకుంది. తన తల ఇంకా పెద్ద బట్టల సంచిలోనే ఉంది.

"గిది ఉంచాల్నా?" మెల్లగా అడిగింది వెనక నుంచి.

"వద్దవ్వా. ఇచ్చేద్దాం."

కాసేపాగి మళ్లీ. "గిది?"

"అది గూడ వద్దు."

మడత చప్పుడు ముందు గది వైపు వెళ్లింది. తిరిగి వచ్చింది. ఈసారి గొంతు చాలా దగ్గరగా, చెవి వెనకే వినిపించింది.

"గిది మంచిగున్నది... నేను తీస్కోనా?"

ఊర్మిళ నవ్వింది. "తీస్కో అవ్వా. అడుగుడెందుకు?"



కిటికీలో ఫోన్ మోగింది. సంచిలోంచి తల తీసి, లేచి చూసింది. గౌరీబాయి పేరు.

"బిడ్డా, ఇంకా మునగాల్లనే ఉన్న. బస్సు దొరకలే. నువ్వు కానియ్యి, నేను..."

"అవ్వా... నువ్వు ఇంట్ల లేవా?"

"లేను. ఏమైంది?"

"మరి... ఇక్కడ ఎవరో..."

గౌరీబాయి ఆ మాట పూర్తికానివ్వలేదు.

"పిల్లను ఎత్తుకొని బయటికి రా. జల్ది రా."

ఊర్మిళ వెనక్కి తిరిగింది. గదిలో ఎవరూ లేరు. ఆమె విసిరేసిన మూడు కుప్పలూ అంచుకు అంచు కలిపి, ఇస్త్రీ పెట్టినట్టు పేర్చి ఉన్నాయి.

ముందు గదిలోకి పరుగెత్తింది. ఉయ్యాల ఊగుతోంది. ఖాళీగా.

ఏడుపు లేదు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. మంచం కింద చూసింది. తలుపు వెనక చూసింది. లోపలి గదికి తిరిగొచ్చింది.

ఇచ్చేసే కుప్ప మీద, మడతల మధ్య, పాప ఉంది. మేలుకొని ఉంది. బోసినోటితో నవ్వుతోంది.

తల్లిని చూసి కాదు. తల్లి భుజం పైన, ఇంకొంచెం ఎత్తుగా ఉన్నదేదో చూసి.

ఊర్మిళ వంగి పాపను లాక్కుంది. పాప ఒంటి మీద బట్ట, అటువైపు ఎవరో పట్టుకున్నట్టు, బిగిసింది. గుంజలేదు... వదలనూ లేదు.

"ఇచ్చినవ్ గదా..."

అంతే. ఊర్మిళ ఎట్లా విడిపించుకుందో, ఎట్లా బయటపడిందో ఆమెకే గుర్తులేదు. చెప్పుల్లేకుండా బస్టాండుకు వచ్చింది. కోదాడ బస్సెక్కి, భర్తకు ఫోన్ చేసింది. "ఆ ఇంటికి పోకు. మా అమ్మ కాడికి రా," అని మాత్రం చెప్పగలిగింది. దారి పొడవునా పాపను కొంగులో చుట్టి, రొమ్ముకు అదుముకునే కూర్చుంది.

కోదాడలో తల్లి పద్మమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కూతురి ముఖం చూడగానే లేచి వచ్చింది. పాపను అందుకుని, దీపం కింద కూర్చుని కొంగు విప్పింది.

"గౌను ఎక్కడిదే? బాగా పాతది. చేత్తో కుట్టారు."

ఊర్మిళ చూసింది. మధ్యాహ్నం తాను పాపకు వేసింది తెల్ల జుబ్బా. ఇది ఆకుపచ్చ గౌను. కలరా ఉండల వాసన వేస్తోంది. పాపకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"నాది కాదమ్మా... నేను వెయ్యలేదు."

పద్మమ్మ గౌను అంచు తిరగేసింది. వేళ్లతో తడుముతూ ఆగిపోయింది. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కొక్కటే విప్పి పొడుగు చేయడానికి, లోపల వరసగా మడతలు కుట్టి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... ఐదారేళ్ల పిల్లకు సరిపోయేన్ని.

"ఊర్మిళా," అంది పద్మమ్మ, గొంతు తగ్గించి. "కింది మడత పాప కొలతకు అప్పుడే ఎవరో విప్పారు."

తెగిన దారం ఇంకా వేలాడుతోంది.