రెండో నంబరు దొప్ప

"ఆ పని చేసినోళ్ల పేరు మైకుల చెప్పాలె సార్. అందరి ముందల. సిగ్గుతోని తల ఎత్తుకోవద్దు."

మిర్యాలగూడలో మిఠాయిలు చేసే సులోచన కుర్చీలో కూర్చోకముందే అన్న మాటలివి. 2012 మార్చి నెలాఖరు, శనివారం మధ్యాహ్నం. ఎండలో నడిచి వచ్చినందుకు ముఖం ఎర్రబడింది. చేతుల్లో ఒక స్టీలు డబ్బా ఉంది.

సూర్యాపేటలో డిటెక్టివ్ జంగయ్య దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్లికొడుకుల వాకబులే. ఆయన సహాయకురాలు స్రవంతికి పెళ్లై సరిగ్గా ఇరవై రెండు రోజులు. ఆమె వరుడు సాయితేజ గురించి వాకబు చేసిందీ ఆయనే. రిపోర్టులో ఒకే ఒక్క లోపం రాశాడు: 'బిస్కెట్ విరిగి టీలో పడితే చాలాసేపు దిగులు పడతాడు.' ఆ ఒక్క వాక్యం వల్లే స్రవంతి పెళ్లికి ఒప్పుకుంది. తన సారు కన్ను పడని చోటు ఈ లోకంలో లేదని ఆమె నమ్మకం.

"ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమ్మా," అన్నాడు జంగయ్య.

ఊళ్లోని ఫంక్షన్ హాల్లో పెళ్లి ప్రదర్శన జరుగుతోంది. భోజనం బల్లల అలంకరణ, పూలు, వంటలు, మిఠాయిలు, అన్నింటికీ పోటీలు. మిఠాయిల పోటీకి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి ఒక్కొక్కరు వచ్చారు. ముగ్గురూ బూందీ లడ్డూలే చేయాలి, మోదుగాకు దొప్పల్లోనే పెట్టాలి. ఎవరివి ఏవో తెలియకుండా వాటికి నంబర్లు మాత్రమే ఉంటాయి.

"రుచి చూసే జడ్జి అచ్చమ్మ టీచర్ రెండో నంబరు లడ్డు నోట్ల పెట్టుకొని తూ అని ఉమ్మేసింది సార్. చేదు నేలవేము తిన్నట్టున్నదట! లిస్టు విప్పితే రెండో నంబరు నాది. పొద్దటి సంది ఏడు పెండ్లిళ్లోళ్లు ఫోన్లు చేసిన్రు, నీ లడ్డూలు మాకొద్దని. రేపు సాయంత్రం బహుమతులిస్తరు. గా లోపల నిజం తేలకపోతే నా పేరు ఖతం."

జంగయ్య డబ్బా తెరిచాడు. దొప్పతో సహా ఒక లడ్డు ఉంది. పైన బూందీ కరిగి జిగటగా మెరుస్తోంది. స్రవంతి నాలుక కొసతో పైభాగం తాకి, ముఖం చిట్లించింది. జంగయ్య లడ్డును రెండుగా విరిచి నడిమి ముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"లోపల ఎంత బాగుంది సార్! పచ్చకర్పూరం, నేతిల ఏయించిన జీడిపప్పు..."

"అంటే పాకంలో తప్పు లేదు. బల్ల మీదికి వచ్చినంక ఎవరో పైన తడిపిండ్రు," అన్నాడు జంగయ్య. తర్వాత లడ్డును వదిలేసి చాలాసేపు దొప్పను చూశాడు. "ఇది ఎవరు కుట్టిన్రు?"

"ఆత్మకూర్ల ఆడోళ్లు. ఎప్పుడూ ఆడికెళ్లే తెప్పిస్త."

"వాళ్లకు ఎవరు నేర్పిన్రు?"

"దేవమ్మ అని... నా దగ్గర పనిచేసేది. మానేసింది."

"ఎందుకు?"

"గదంత పాత ముచ్చట సార్," అంటూ సులోచన చేతి గాజును గిర్రున తిప్పింది.

ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టగానే స్రవంతి వచ్చిన పని కాసేపు మరిచిపోయింది. అరిటాకుల చుట్టూ బంతిరేకల ముగ్గులు, రాగి చెంబుల మీద తమలపాకుల గొడుగులు, ఒక బల్ల మీద పసుపు కొమ్ములతో కట్టిన చిన్న పల్లకి. తన పెళ్లిలో ఇలాంటి పల్లకి లేకపోయిందే అనుకుని, ఫోటో తీసి వెంటనే సాయితేజకు పంపింది.

అచ్చమ్మ రిటైరైన టీచరు. భుజాన చేతిసంచి బిగించి కూర్చుంది.

"నంబర్లు కమిటోళ్లు ఏసిన్రు, లిస్టు మూసిన కవర్ల పెట్టి నాకిచ్చిన్రు. లిస్టు ఈ సంచిలనే ఉన్నది. ఈ సంచి నా భుజం దిగలే," అంది.

"పోటీకి ముందు మిఠాయిల బల్ల దగ్గరికి ఎవరెవరు పోయిండ్రు టీచర్?"

"ఓ గంటసేపు అందరూ హాల్లనే తిరిగిన్రు. ఎవరి బల్ల వాళ్లు సర్దుకున్నరు. పిల్లలనైతే ఒక్కచోట కూసోబెడుదు, వీళ్లనేం జేయాలె?"

కోదాడ మిఠాయి కొట్టు గోపి అడగకముందే రెండు చేతులూ ఎత్తాడు. "నాకేం తెలియదండీ. నా లడ్డూలు ఏవో నాకు తెలుసు, కాదనను. మిగతా రెండిట్లో ఆవిడవేవో నాకెలా తెలుస్తుంది? చెడగొట్టే బుద్ధే ఉంటే రెండూ చెడగొట్టేవాణ్ణి కదండీ!"

"ఈ మాట నీకు మంచి చేస్తదా, చెడు చేస్తదా?"

గోపి ఆలోచించి, "అదీ నిజమేనండీ," అని చేతులు దించాడు.

హాలు చివర పూల పోటీకి సూర్యాపేట మంజుల కట్టిన మల్లెల మండపం ఉంది. ముప్పై ఏళ్ల మంజుల పూలు కట్టే తీరుకు మూడు ఊళ్లలోనూ పేరుంది. అయినా ఈసారి మల్లెలు వాడి గోధుమ రంగుకు తిరిగాయి.

"అయ్యో అక్కా, ఎంత బాగ కట్టినవు! నీళ్లు చల్లలేదా?" అంది స్రవంతి.

"పొద్దున చల్లిన. ఎండకు ఏం నిలుస్తయి చెల్లె?"

ఆమె పక్కన కత్తెర, దారం ఉండలు, అరటి నార, నీళ్ల బకెట్టు ఉన్నాయి. జంగయ్య వాటిని ఒక్కొక్కటే చూశాడు. స్రవంతి జడలోకి రెండు మల్లెలు అడిగింది. మంజుల బుట్ట అడుగున తడిగుడ్డలో దాచిన మొగ్గలు దోసెడు తీసింది.

"ఇందుల పొయ్యమ్మా," అని జంగయ్య ఒక చినిగిన దొప్ప అందించాడు.

మంజుల మొదట అందులోని పాత చీపురు పుల్లను లాగేసింది. చినుగును మడిచి, రెండు పుల్లలు అడ్డంగా గుచ్చి, మొనలు చేతికి తగలకుండా లోపలి మడతలోకి దూర్చింది. ఇదంతా దొప్ప వైపు చూడకుండానే, "కొత్త పెండ్లికూతురివా? మీ ఆయన మంచోడేనా?" అని స్రవంతితో నవ్వుతూ చేసింది. స్రవంతి సిగ్గుపడి మల్లెల వాసన చూసింది. జంగయ్య దొప్పను చూశాడు.

ఆ సాయంత్రం ఆయన ఆ దొప్పను జేబులో పెట్టుకుని బండి మీద ఆత్మకూరుకు వెళ్లి వచ్చాడు.

ఆదివారం బహుమతుల వేళ జంగయ్య అందరినీ వేదిక మీదికి పిలిచాడు. కింద కుర్చీలన్నీ నిండిపోయాయి.

"సులోచనమ్మా, మైకు బందు పెట్టుమంటవా?"

"వద్దు! అందరూ ఇనాలె."

"సరే," అన్నాడు జంగయ్య. "లడ్డు లోపల తీపి, పైన చేదు. అంటే నేలవేము కషాయం పైన చల్లిండ్రు. బల్ల దగ్గర నిలబడి చల్లినా ఎవరికీ అనుమానం రాలేదంటే, చల్లుడే వాళ్ల పని. మల్లెలకు నీళ్లు చిమ్మే సీసా లేకుండ ఏ పూలామె అయినా పోటీకి వస్తదా? మంజుల సామాన్ల అది ఒక్కటే లేదు. స్రవంతీ!"

స్రవంతి మండపం పక్కన అరటి మొక్క పాతిన కుండీలో, ఇసుక కొత్తగా కెలికినట్టున్న చోట చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సీసా బయటికి తీసింది. అడుగున మిగిలిన నీళ్లు నాలుక మీద వేసుకుని, "గదే చేదు సార్!" అంది.

"సీసా దాచిపెట్టినంక మల్లెలకు నీళ్లు చిమ్మే దారి లేదు. తన బహుమతి పోయినా సరే అనుకున్నది. అయితే నంబరు తెల్వకుండ సులోచనమ్మ లడ్డూలు ఏవో ఎట్ల గుర్తువట్టింది?" జంగయ్య రెండు దొప్పలు పైకెత్తాడు. "ఇది రెండో నంబరు దొప్ప. ఇది నిన్న మంజుల నా ముందర సవరించిన దొప్ప. పుల్లలు అడ్డంగ, మొనలు లోపలికి. మిగతా రెండు నంబర్ల దొప్పలకు ఈ కుట్టు లేదు. ఈ కుట్టు ఆత్మకూరు దేవమ్మది. మంజుల ఆమె బిడ్డ."

సులోచన ముఖం పాలిపోయింది.

"తొమ్మిదేండ్ల కింద మిర్యాలగూడ పెండ్లిల పెండ్లికూతురి వెండి భరిణె పోయింది. భోజనాల వరుస ముందు దేవమ్మ సంచి తిరగేసింది నువ్వే కదమ్మా? ఏం పడ్డయి?"

మంజుల మైకు దగ్గరికి వచ్చింది.

"రెండు బూరెలు. నాకోసం ఆకుల చుట్టి పెట్టింది. అందరు నవ్విన్రు. అవ్వాల్టి సంది మా అమ్మ పెండ్లి ఇంటి గడప తొక్కలే, దొప్ప కుట్టలే. దొంగ అన్న పేరు మోసింది. అవును, నేనే చల్లిన. ఆమె పేరు మీద గూడ అంతమంది ముందల ఉమ్మేయాలె అనుకున్న. ఉమ్మేసిన్రు. నాకు చాలు."

"భరిణె దొరికిందా సులోచనమ్మా?" మెల్లగా అడిగాడు జంగయ్య.

ఆమె ఊపిరి మైకులో బుసకొట్టింది. "రెండ్రోజులకు... బియ్యం డ్రమ్ముల దొరికింది. చెప్తే నా పేరు పోతదని చెప్పలే."

అచ్చమ్మ లేచి రెండో నంబరు లడ్డును విరిచి, నడిమి ముక్క నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది.

"లడ్డు మంచిది. మొదటి బహుమతి దీనికే," అంది. సులోచన వైపు మాత్రం చూడలేదు.

"పేరు చెప్పుమన్నవు, చెప్పిన. నా పని అయిపోయింది," అని జంగయ్య పక్కకు తప్పుకున్నాడు.

పోయిన పేరు తిరిగి చేతికొచ్చినా సులోచన తల ఎత్తలేకపోయింది. చివరికి మంజుల దగ్గరికి వచ్చి, "రేపు ఆత్మకూరుకు వస్త. మీ అమ్మ కాళ్లు పట్టుకుంట. లడ్డూలు చేసి తెస్త," అంది.

మంజుల మండపం దగ్గరికి పోయి తన కత్తెర, దారం ఉండలు బుట్టలో సర్దుకుంది. వాడిన మల్లెలను కూడా ఒక్కటి వదలకుండా ఎత్తుకుని, మళ్లీ వేదిక మీద మైకు దగ్గరికి వచ్చింది.

"లడ్డూలొద్దు. సంచి తెచ్చుకో. వాడకట్టంతా సూస్తుండంగ మా అమ్మ తిరగేస్తది."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలు దాటి బస్సుల కోసం నిలబడ్డ వాళ్లందరికీ వినిపించింది.