గల్లాపెట్టె పక్కన బ్యాటరీ

2006 ఏప్రిల్. కమలాపురం లాడ్జి గదిలో పొద్దున ఆరింటికి ఏజెంట్ గోపన్నను ఎవరో సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. పార్ట్‌నర్ అమూల్య వంగి అతని కళ్ళు మూసింది. తోటి ఏజెంట్ అజయ్ ఆమె వేళ్ళనే చూస్తూ నిలబడిపోయాడు.

చీఫ్ అజయ్‌కు ఫోన్ చేశాడు. "విదేశీ ముఠా పని. ఈ ఊరి దగ్గరే ఎక్కడో నాలుగూ నలభై ప్యాసింజర్‌ను పేల్చేస్తారు."

"రైలు ఆపించండి సార్."

"ఆపితే వాళ్ళ మనిషి మాయమైపోతాడు. రిమోట్‌కు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి. ఎవరు కొంటున్నారో పట్టుకో."

ఆ రైల్లోనే గోపన్న తల్లి రామేశ్వరమ్మ ఆదోని నుంచి వస్తోంది. కొడుక్కి ఒంట్లో బాలేదని మాత్రమే ఆమెకు చెప్పారు.

అజయ్ సేల్స్‌మన్ వేషంలో బజారు పట్టాడు. రెండు కొట్లలో గోడౌనంతా పావుగంట గాలించి, దుమ్ము పట్టిన బ్యాటరీ తెచ్చిచ్చారు. మూడోది పెద్దసుబ్బయ్యశెట్టి కొట్టు. శెట్టి లేవనైనా లేవలేదు. గల్లాపెట్టె పక్కకు చెయ్యి చాపి టక్కున తీసిచ్చాడు.

అజయ్ చెవిలో గోపన్న గొంతు మోగింది. పొద్దుటి నుంచీ వదలడం లేదు. బతికుండగా కంప్యూటర్లంటే పడి చచ్చేవాడు.

"ప్రాసెసర్‌ది శానా దూకుడప్పా. మెయిన్ మెమరీ దాకా పోయి తెచ్చుకోవాలంటే దానికి యుగం పట్టినట్టుంటాది. అందుకే ఇప్పుడే వాడింది మళ్ళీ కావాల్సొస్తాదని పక్కనే క్యాష్ మెమరీలో పెట్టుకుంటాది. టక్కున వచ్చిందంటే, దాన్ని ఈమధ్యే ఎవరో అడిగినారన్నమాట."

అజయ్ గల్లాపెట్టె మీదికి వంగాడు. "ఎవరు కొంటున్నారు శెట్టిగారూ?"

"గిరాకీ పేరు మా నాయన చెప్పలా, మా తాత చెప్పలా. నేను చెప్తానా అప్పా?"

బ్యాటరీల పక్కనే ఊదారంగు నెయిల్ పాలిష్ సీసా ఉంది. "ఇదీ ఆ గిరాకీకేనా?" అంటే శెట్టి గబుక్కున దాన్ని లోపలికి తోశాడు. పొద్దున గోపన్న కనురెప్పల మీద ఆడిన గోళ్ళది అదే రంగు!

రైలు కనపడే చోటు నుంచే రిమోట్ నొక్కాలి. "రైలు పట్టాలు ఎక్కడ నుంచి కనపడతాయి?" అన్నాడు అజయ్.

"మా మిద్దె మీద నుంచైతే..." శెట్టి నాలుక కరుచుకున్నాడు.

అజయ్ మెట్లెక్కేసరికి రైలు కూత వినిపించింది. అమూల్య నల్ల కళ్ళద్దాలతో పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. చేతిలో రిమోట్.

"గోపన్నను నువ్వేనా?"

"ముఠా ఆర్డర్స్, అజయ్." బొటనవేలు బటన్ మీదికి జారింది.

అజయ్ దూకి ఆమె మణికట్టు మెలిపెట్టాడు. బ్యాటరీ ఊడి పడింది. రైలు వంక మీది వంతెన దాటి స్టేషన్‌లోకి వచ్చేసింది.

మిద్దె మీదే అమూల్యకు బేడీలు పడ్డాయి. చీఫ్ ఫోన్‌లో శభాష్ అన్నాడు. అజయ్ ప్లాట్‌ఫారం మీదికి నడిచాడు. రామేశ్వరమ్మ రొట్టెల మూటతో దిగి, అతన్ని చూసి నవ్వింది.

"అజయప్పా, మావాడు ఎట్లుండాడు?"

అజయ్ ఆమె చేతిలోని మూట అందుకున్నాడు. పొద్దుటి నుంచీ వదలని గోపన్న గొంతు ఇప్పుడు సాయానికి రాలేదు. గంట లేటు లేనిదే ఏనాడూ రాని ప్యాసింజర్, ఈరోజే టైముకొచ్చి చచ్చింది.