నడిచి వెళ్లిన రాతికుప్ప

శనివారం పొద్దున్న హెస్టర్ సగ్డెన్ కొండ ఎక్కి చూసేసరికి, ముత్తాతల కాలం నుంచి కుడిదారి మొదట్లో ఉన్న రాతికుప్ప ఎడమదారి మొదట్లో కూర్చుని ఉంది.

హెస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. కుప్ప కదల్లేదు. కదలాల్సినంతా అప్పటికే కదిలేసింది మరి.

హాగ్‌స్టోన్ మూర్ అనే ఆ బీడుకొండ మీద మనిషికి ఆ కుప్పే దిక్కు. చెట్టు లేదు, ఇల్లు లేదు. గాలికి పడుకున్న గడ్డి, ఊదారంగు హెదర్ పొదలు, మనుషుల్ని చూసి జాలిపడే గొర్రెలు. పొగమంచు దిగిందంటే ఎవరి చెయ్యి వాళ్లకే కనపడదు. దారి రెండుగా చీలే ఆ చోట కుప్ప ఉన్న దారి పట్టుకుంటే శిఖరం మీది క్లెగ్ టవర్ వస్తుంది. రెండో దారి పట్టుకుంటే నల్లబురద వస్తుంది. మోకాలి దాకా.

ఈ సీజన్‌లో హెస్టర్ రెండుసార్లు టార్న్‌షా నడక సంఘాన్ని నడిపించుకెళ్లింది ఆ బురదలోకే.

రెండుసార్లూ మర్నాడు వచ్చి చూసుకుంది. కుప్ప కుడిదారిలోనే ఉంది, పాపం ఏమీ ఎరగనట్టు. పొరపాటు తనదే అనుకుంది. కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చింది. ఆయన కొత్త కళ్లజోడు రాశాడు. అదే ఇప్పుడు ముక్కు మీద ఉంది, బ్రహ్మాండంగా కనిపిస్తోంది.

"అయితే పిచ్చి నాకు కాదన్నమాట," అంది హెస్టర్ ఒక గొర్రెతో.

టార్న్‌షా నడక సంఘం గురించి కొంచెం చెప్పాలి. చుట్టూ ఇన్ని కొండలుండగా ఆ సంఘం ప్రతి ఆదివారం ఆ ఒక్క టవర్‌కే వెళ్తుంది. వేరే కొండ ఎక్కాలన్న తీర్మానం కమిటీ పరిశీలనలో ఉంది. ప్రవేశపెట్టినాయన పోయి చాలాకాలమైంది. ఫోన్‌లో దారి చూసుకోవడం నిషేధం. మ్యాపు, దిక్సూచి, రాతికుప్ప, అంతే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఏడో రూలు. లీడర్ ఎప్పుడూ అందరికంటే ముందు నడవాలి. ‘ఆఖరి మనిషి’ అనే పదవిలో ఉన్నవాడు ఎప్పుడూ అందరికంటే వెనక నడవాలి, ఎవరూ తప్పిపోకుండా. వీళ్లిద్దరూ తమ చోటు వదలకూడదు. దారి తప్పినప్పుడు మాత్రం లీడర్ మూడు ఈలలు వేస్తే, ఆఖరి మనిషి తన మ్యాపుతో ముందుకొచ్చి లీడర్‌తో సంప్రదించాలి.

మొదటిసారి బురదలో పడ్డరోజు హెస్టర్ వెనకున్న వాళ్లలో సగంమంది ఆ మూర్ మీద పుట్టి పెరిగినవాళ్లే. తప్పుదారి అని వాళ్లకు అప్పుడే తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపలేదు. లీడర్‌కి దారి చెప్పడం మర్యాద కాదు కదా. ఒకరి వెనక ఒకరు మర్యాదగా బురదలోకి దిగారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన డోరీన్ మోకాళ్ల దాకా దిగబడ్డాక ఆకాశం వంక చూసి, "ఇవాళ కాస్త తేమగా ఉంది కదూ," అంది.

"గడ్డికి మంచిదేలెండి," అన్నాడు ఆమె వెనక నడుం దాకా దిగబడ్డాయన.

అప్పుడు హెస్టర్ మూడు ఈలలు వేసింది. వెనకనుంచి ఆఖరి మనిషి ఎడ్విన్ ఓల్డ్‌రాయిడ్ వచ్చాడు. బడిలో భూగోళం పాఠాలు చెబుతాడు. పొడుగ్గా ఉంటాడు, నవ్వితే పక్క పన్ను ఒకటి ఉండదు. ఒకే గొడుగు కింద ఇద్దరూ మ్యాపు విప్పారు. అతని ముక్కు మీంచి వాన చుక్కలు సరిగ్గా నల్లబురద మీదే పడ్డాయి, మ్యాపులో. ఫ్లాస్కు తీసి నీలం కప్పులో ఆమెకు టీ పోశాడు, స్టీలు కప్పులో తను తాగాడు. తొందరపడితే ప్రమాదమని చాలాసేపు సంప్రదించారు. చుట్టూ సంఘమంతా మెల్లగా దిగబడుతోంది.

ఆ రోజు మొత్తంలో తనకు నచ్చింది ఆ కాసేపే అని హెస్టర్ ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఆమె కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. రాళ్ల మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. లాగింది.

ఆవాల రంగు ఉన్ని దారం!

దొంగ దొరికినట్టే అనుకుంది. అంతలోనే ఆ ఆశ చల్లబడింది. పోయిన చలికాలం డోరీన్‌కి ఎక్కడో ఆవాల రంగు ఉన్ని మూటలకొద్దీ చవగ్గా దొరికింది. ఊరందరికీ టోపీలు, చేతి తొడుగులు, మఫ్లర్లు అల్లిపెట్టింది. వద్దనడం మర్యాద కాదు కాబట్టి ఊరంతా వేసుకుంది. హెస్టర్ నెత్తిమీద టోపీ కూడా అదే.

దారి పక్కనున్న పొట్టి రాతిగోడ అవతల ఎవరో తుమ్మారు.

"ఎవరది?"

రాతిగోడ మీంచి ఒక తల మెల్లగా లేచింది. ఎడ్విన్.

"మీరా! ఇక్కడేం చేస్తున్నారు?"

"నేనా... చేతి తొడుగులు పోయాయి. వెతుక్కుంటున్నాను."

"రెండూ మీ చేతులకే ఉన్నాయి."

ఎడ్విన్ చేతులు చూసుకున్నాడు. "దొరికాయన్నమాట."

"ఇటు రండి, ఇది చూడండి! ఎవడో దొంగవెధవ కుప్పని జరిపేశాడు!"

"అయ్యో," అన్నాడు ఎడ్విన్. "మరీ దొంగవెధవ అంటారా?"

"ఇంకేమనాలి? నన్ను పదవిలోంచి దింపాలని చూస్తున్నాడు. క్రాబ్‌ట్రీ గారేమో అని నా అనుమానం."

క్రాబ్‌ట్రీ సంఘం అధ్యక్షుడు. హెస్టర్‌కి ముందు చాలా ఏళ్లు లీడర్ ఆయనే. ఆయన కూడా దారి తప్పేవాడు, కాకపోతే అప్పుడు సంఘం మినిట్స్ పుస్తకంలో ‘కొత్తదారి అన్వేషణ’ అని రాసేవారు.

"పదవి ఎలా పోతుంది? రెండుసార్లు బురదైనంత మాత్రాన..."

"మూడోసారి తప్పితే తీసేస్తారు. పందొమ్మిదో రూలు. మీరు చదవలేదా?"

ఎడ్విన్ మొహం తెల్లబడింది. "ఏడో రూలు దగ్గరే ఆగిపోయాను."

హెస్టర్ మెడలోని ఈలని పిడికిట్లో పట్టుకుంది. "మా బామ్మ ఈ సంఘంలో నలభై ఏళ్లు నడిచింది, ఎడ్విన్. లీడర్ అవుతానని అడిగితే శాండ్‌విచ్‌ల కమిటీలో వేశారు. ఆడవాళ్లలో లీడర్ అయింది నేనే మొదలు. నేను దిగిపోతే ఇంకో యాభై ఏళ్లు ‘ఒకసారి ఇచ్చి చూశాంగా, బురదలోకి తీసుకెళ్లింది’ అంటారు. రేపు మళ్లీ పొగమంచట. ఈ కుప్ప ఇక్కడే ఉంటే నా పని అయిపోయినట్టే."

ఎడ్విన్ వంగి అన్నిటికంటే పెద్దరాయి ఎత్తాడు.

ఇద్దరూ కలిసి మొత్తం కుప్పని కుడిదారిలోకి మోశారు. ఎడ్విన్ పెద్దరాళ్లన్నీ తనే తీసుకున్నాడు. ఆమె చిన్నరాయి పట్టుకున్నా "ఇటివ్వండి" అని లాక్కున్నాడు.

"మీకేమైంది? జరిపినవాడి కంటే ఎక్కువ కష్టపడుతున్నారు!"

ఎడ్విన్‌కి పొరబోయింది.

దిగేటప్పుడు సంఘం లేదు, రూలు లేదు. దారి సన్నం. మోచేతులు తగులుతుంటే ఇద్దరూ చెరోసారి క్షమాపణ చెప్పుకున్నారు. కొంతదూరం పోయాక తగలడం మానలేదు గానీ క్షమాపణలు మానేశారు.

"మనం ఇలా పక్కపక్కన నడవడం ఇదే మొదటిసారి కదా," అంది హెస్టర్.

"అవును," అన్నాడు ఎడ్విన్, ఉరికంబం ఎక్కబోయేవాడిలా.

*

ఆదివారం పొగమంచు మాట తప్పలేదు. హెస్టర్ ముందు నడిచింది. కుప్ప కనిపించింది. కుడివైపు తిరిగింది. కాసేపటికి బూట్ల కింద బురద బదులు రాతిమెట్లు తగిలాయి. క్లెగ్ టవర్!

ఆ టవర్ కట్టించింది క్లెగ్ అనే మిల్లు యజమాని. పొరుగువాడి మీద గోడ తగాదాలో కేసు గెలిచి, వాడు జీవితాంతం కిటికీలోంచి చూసి కుమిలిపోవాలని కొండ నెత్తిన కట్టించాడు. ఏడాదిలో ఎక్కువ రోజులు పొగమంచే గనక ఆ పొరుగువాడు హాయిగా బతికాడట. ఊళ్లోవాళ్లు దాన్ని ‘క్లెగ్ పొగరు’ అంటారు.

అందరూ మెట్లమీద కూర్చుని ఫ్లాస్కులు తీశారు. క్రాబ్‌ట్రీ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ సరిగ్గా వచ్చాం. సంతోషం. కానీ పందొమ్మిదో రూలు మాట తేల్చుకోవాలి. లీడర్ ఇప్పటికే మూడుసార్లు దారి తప్పింది."

"రెండుసార్లే!" అంది హెస్టర్.

"మొదటిసారిది ఒకటి, రెండోసారి బురదలోకి వెళ్లేటప్పుడు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి. కూడుకో అమ్మాయ్."

"అప్పుడు కుప్పని ఎవరో జరిపారు! నిన్న నా కళ్లతో చూశాను. ఇదిగో, రాళ్లలో దొరికింది." ఆవాల రంగు దారం పైకెత్తి చూపించింది.

సంఘం సంఘమంతా ఎవరి టోపీ వాళ్లు తడుముకున్నారు. క్రాబ్‌ట్రీ తన మఫ్లర్ సర్దుకున్నాడు. "అయితే నేరస్థుడు ఊళ్లోవాడే అంటావు. గొప్ప పరిశోధన."

కొందరు మర్యాదగా నవ్వారు. డోరీన్ మాత్రం నవ్వలేదు, ఆవిడకి టీ అయిపోయింది.

"ఎడ్విన్ నాయనా, నీ దగ్గర ఇంకో కప్పుందా?"

"లేదు డోరీన్. ఒక్కటే తెచ్చాను."

"ఎప్పుడూ ఇదే మాట. ఎన్ని ఆదివారాలు అడిగాను! పెళ్లి చేసుకో బంగారం, రెండో కప్పు దానంతటదే వస్తుంది."

హెస్టర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఎప్పుడూ ఒకటే కప్పు? మరి బురదలో పడ్డ రెండు రోజులూ? నీలం కప్పు తనకి, స్టీలు కప్పు అతనికి. రెండుసార్లూ రెండు కప్పులు. దారి తప్పని రోజుల్లో ఒక్కటే.

ఇంట్లో సంచి సర్దుకునేటప్పుడే అతనికి ఎలా తెలుసు, ఇవాళ దారి తప్పుతామని?

మెల్లగా తల తిప్పి చూసింది. అందరికంటే వెనక, ఆఖరి మెట్టు మీద ఎడ్విన్ ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు తెలిసిపోయిందని అతనికీ తెలిసిపోయింది.

ఒక్కమాట చాలు. ఆ మాట అంటే పదవి నిలుస్తుంది. బామ్మ పరువు నిలుస్తుంది. ఎడ్విన్‌ని మాత్రం సంఘం వెలేస్తుంది. పెద్దవాళ్లని బురదలో ముంచిన మాస్టారని ఊరంతా చెప్పుకుంటుంది. హెస్టర్ నోరు తెరిచింది. నీలం కప్పు గుర్తొచ్చింది. ఆ కప్పుకి అంచు పగిలిన వైపు ఎప్పుడూ తన వైపు రాకుండా తిప్పి ఇచ్చేవాడు.

నోరు మూసుకుంది.

"ఓటింగ్ పెట్టండి," అంది.

"లీడర్‌ని తొలగించాలన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు క్రాబ్‌ట్రీ, తన చెయ్యి ముందుగానే ఎత్తి.

పాపం, ఎవరికీ ఇష్టంలేదు. కానీ అధ్యక్షుణ్ణి ఒంటరిగా వదిలేయడం మర్యాద కాదు. ఒక్కొక్క చెయ్యీ సగం లేచింది. వెనకనుంచి ఒకటి మాత్రం నిటారుగా లేచింది, ఆవాల రంగు తొడుగుతో.

"నువ్వు కూడానా ఎడ్విన్!" అంది డోరీన్.

"ఇది ఓటు కాదండీ. ఒకమాట చెప్పాలి." ఎడ్విన్ లేచి నిలబడ్డాడు. "కుప్పని జరిపింది నేనే. రెండుసార్లు జరిపాను, రెండుసార్లూ సాయంత్రానికల్లా సర్దేశాను. నిన్న మూడోసారి. హెస్టర్ ఒక్కసారి కూడా దారి తప్పలేదు. కుప్ప ఎటుంటే అటే నడిచింది, రూలు ప్రకారం."

లేచిన చేతులన్నీ ఫ్లాస్కుల మీదికి దిగిపోయాయి. క్రాబ్‌ట్రీ చెయ్యి చివరగా దిగింది.

"ఎందుకయ్యా ఈ పని?" అన్నాడు ఆయన.

"ఏడో రూలు వల్ల. ఆవిడ ముందు, నేను వెనక. మధ్యలో మీరంతా, మీ మోకాళ్ల నొప్పుల కబుర్లు. ఏడాదిగా నాకు కనపడింది ఆవిడ టోపీ మీది ఉన్నిబంతి ఒక్కటే. ఆవిడ నవ్వితే నా దాకా వచ్చేసరికి డోరీన్ దగ్గుగా మారిపోయేది. పోనీ ఊళ్లో పలకరిద్దామని ఆవిడ పనిచేసే పళ్లాసుపత్రికి వెళ్లాను. ‘మాట్లాడలేనంత నొప్పా?’ అని ఆవిడే జాలిగా అడిగింది. తలూపాను. లోపలికి పంపించింది. పన్ను పీకేశారు. మంచి పన్నే."

హెస్టర్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇది పదవికి నా రాజీనామా," అన్నాడు ఎడ్విన్. "సంఘంలోంచి తీసేసినా కాదనను. నేను వెళ్తాను."

అప్పుడు వినిపించింది. ఈల. మళ్లీ ఈల. మళ్లీ ఈల.

డోరీన్ ఉలిక్కిపడి కాళ్లకింద చూసుకుంది. "దారి తప్పామా ఏమిటి, బంగారం?"

"బాగా తప్పాం," అంది హెస్టర్, ఈల నోట్లోంచి తీసి. ఆమె మొహం హెదర్ పూల రంగులో ఉంది. "ఆఖరి మనిషి ముందుకు రావాలి. సంప్రదించాలి."

సంఘం రెండుగా చీలి దారి ఇచ్చింది. ఎడ్విన్ మెట్టు మెట్టూ ఎక్కి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. సంచి విప్పాడు. ఉన్న ఒక్క స్టీలు కప్పులో టీ పోసి ఆమెకు అందించాడు. అంతమంది వింటున్నారని కూడా మర్చిపోయి, మిగిలిన నేరం కూడా ఒప్పేసుకున్నాడు.

"మ్యాపు చూడ్డం నాకు బాగా వచ్చు, హెస్టర్. ఆ బురదలోంచి బయటికి దారి మొదటి నిమిషంలోనే కనిపించింది, రెండుసార్లూ. మీ టీ అయిపోయేదాకా చెప్పలేదు."