వేషశాలలో రెండు అంగీలు

మన తాతల తాతలు కూడా పుట్టక ముందు చేలాపురి అనే రాజ్యం ఉండేది. అక్కడ కోటకంటే వేషశాలకే పేరెక్కువ. పూర్వపు రాజులు నిజంగా తొడుక్కున్న బట్టలు ఒక చెక్కబొమ్మకు, నాటకంలో ఆ రాజు వేషం వేసినవాడి దుస్తులు పక్కనే ఇంకో చెక్కబొమ్మకు తొడిగి ఉంచేవారు. ఏది అసలో ఏది వేషమో పోల్చుకోవడానికి జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు.

అన్నిటిలోకీ గొప్పది మూలపురుషుడు వీరకేతుడి జరీ అంగీ. దాన్ని తొడుక్కునే ఆయన ఒక రాక్షసుణ్ణి లొంగదీశాడట. పట్టాభిషేకం నాడు యువరాజు ఆ అంగీతో సింహాసనం ఎక్కాలి. నాటకం అంగీతో ఎక్కితే శాపం తగులుతుందని పెద్దలు చెప్పేవారు. అలా ఎవరు ఎక్కుతారులే అని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

యువరాజు జయసేనుడు ఎక్కాడు. నవ్వుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెక్కబొమ్మ అయిపోయాడు. రాణి కెవ్వుమంది. పురోహితుడు అంగీ అంచు తిరగేసి చూసి, "ఇది నాటకం అంగీ! అమావాస్యలోగా అసలుది తొడగకపోతే యువరాజు ఎప్పటికీ బొమ్మే!" అన్నాడు.

ఆ నాటకం అంగీ కుట్టింది వకుళ. అమ్మానాన్నా లేని ఆ పిల్లను నాటక సమాజం పెద్ద శరభయ్య పెంచి, సూది పట్టడం నేర్పాడు. ఏళ్ల తరబడి వీరకేతుడి వేషం కట్టింది ఆయనే. ఈ మధ్యే వయసు మీరిందని ఆ వేషం ఇంకొకరికి ఇచ్చారు.

రాజు సోమకేతుడు వకుళను సభకు పిలిపించాడు. "అంగీ మార్చింది నువ్వేనా?"

"నాకేమీ తెలియదు మహారాజా! తాతా, నువ్వైనా చెప్పవూ!"

శరభయ్య తల వంచుకున్నాడు. "కుట్టు దీనిదే ప్రభూ. అంతకు మించి నేనేం చెప్పగలను?"

వకుళ ఆయన వంకే చూసింది. పాపం, ముసలాయన సభలో భయపడి ఉంటాడులే అని సరిపెట్టుకుంది. అయినవాళ్లు తప్పు చేస్తే సాకులు కూడా మనమే వెతికి పెడతాం కదా!

"నీ వల్ల పోయింది, నువ్వే తేవాలి. లేకపోతే నీ తల దక్కదు," అన్నాడు రాజు.

కోట గుమ్మం దగ్గర శరభయ్య ఆమె తల నిమిరాడు. "దక్షిణపు అడవిలో ఒక మాయావి ఉన్నాడట. వాడే ఎత్తుకుపోయి ఉంటాడు. వెళ్లు అమ్మీ. నేను గుర్రమెక్కి కొండమీది దేవుడి దగ్గరికి పోయి, నీ కోసం మొక్కుకుంటాను."

వకుళ అడవిలో చాలా దూరం నడిచింది. ఉత్తరానికీ దక్షిణానికీ దారులు చీలే చోట ఏనుగంత ఏదుపంది ముళ్లు నిక్కబొడుచుకుని దారికి అడ్డం పడింది.

"దగ్గరికి వచ్చావంటే పొడిచేస్తా!"

"నీ మెడకు వేటగాడి వల బిగిసింది. కదలకు, విప్పుతాను," అంది వకుళ. ముళ్లు దిగి చేతులు నెత్తురోడుతున్నా వల విప్పింది.

ఏదుపంది గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఎటు పోతున్నావమ్మా? దక్షిణానికా? అక్కడ మాయావీ లేడు, ఎవడూ లేడు. ఉన్నదంతా ఊబి. నిన్ను అక్కడికి పంపినవాడు నీ చావు కోరినవాడు."

"నోరు ముయ్యి! మా తాత అలాంటివాడు కాదు."

"తాతా? మరి ఇందాక గుర్రం మీద ఒక ముసలాడు ఉత్తరపు కొండకేసి పోయాడు. జరీ అంగీ తొడుక్కుని, వీరకేతుణ్ణి నేనేనంటూ పద్యాలు పాడుకుంటున్నాడు."

వకుళ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చినంత ఏడ్చి, లేచి ఉత్తరానికి తిరిగింది.

కొండగుహ ముందు గండశిలుడనే రాక్షసుడు కాపలా కూర్చున్నాడు. వీరకేతుడికి లొంగినవాడు వీడే.

"లోపలికి వీల్లేదు. రాజుగారి ఆజ్ఞ!"

"ఏ రాజు?"

"అంగీ తొడుక్కున్నవాడే నాకు రాజు. వచ్చిన దగ్గర్నించీ పద్యం పద్యానికీ నా చేత చప్పట్లు కొట్టిస్తున్నాడు. చేతులు వాచిపోయాయి తల్లీ!"

"ఆయన దుస్తులు కుట్టేది నేనే. నేను లోపల ఉన్నంతసేపూ నీకు చప్పట్ల పని ఉండదు."

రాక్షసుడు వెంటనే దారి వదిలాడు.

లోపల శరభయ్య బండ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ఉలిక్కిపడ్డాడు. "బతికే ఉన్నావా?"

"ఎందుకు చేశావు తాతా?"

"ఇన్నేళ్లు నేనే వీరకేతుణ్ణి. ముసలాడివి పక్కకు తప్పుకో అంటే ఎట్లా తప్పుకోను?"

"అందుకు నా మెడకు ఉరి తగిలిస్తావా?"

"అసలుదాని చోట నీ అంగీ పెడితే తప్ప జనం నమ్మరే! నీ అంత బాగా కుట్టేవాళ్లు ఈ రాజ్యంలో లేరు."

ఆయన నోట ఆ మెప్పు వినాలని చిన్నప్పటి నుంచీ ఎదురుచూసింది వకుళ. అది ఇప్పుడు ఇలా వినాల్సి వచ్చింది. ఒళ్లు మండిపోయింది, అయినా కళ్లు తుడుచుకుని అంది: "భుజాల దగ్గర జారిపోతోంది. రాజంటే అలా ఉంటాడా? బిగించనా?"

పెంచిన పిల్ల, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు శరభయ్య. మురిసిపోతూ లేచి నిలబడ్డాడు.

నాటకాలవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఒంటిమీద ఉన్న బట్టను కుట్టాల్సివస్తే, వేషగాడు పళ్ల మధ్య గడ్డిపోచ పట్టుకుని మౌనంగా నిలబడాలి. మధ్యలో నోరు తెరిస్తే గొంతు పడిపోతుందని భయం. వకుళ గడ్డిపోచ అందించగానే ఆయన అలవాటుగా పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

వకుళ పక్కముడులు విప్పి అంగీని ఒక్క లాగు లాగింది. శరభయ్య కళ్లు పెద్దవయ్యాయి. కానీ గొంతు పోతుందన్న భయంతో నోరు పెగల్లేదు. తెగించి గడ్డిపోచ ఉమ్మేసి, "గండశిలా, పట్టుకో!" అని అరిచేసరికి అంగీ వకుళ ఒంటి మీద ఉంది.

రాక్షసుడు లోపలికి వచ్చి ఆమెకు దండం పెట్టాడు. "ఎవర్ని పట్టుకోమంటారమ్మా?"

వాడు ఇద్దర్నీ భుజాన వేసుకుని చేలాపురిలో దించాడు. అసలు అంగీ తొడగగానే జయసేనుడు కళ్లు తెరిచాడు. ఊరంతా పండగ చేసుకుంది.

"ఈ ద్రోహిని ఏం చెయ్యమంటావు?" అని రాజు వకుళను అడిగాడు.

"చంపకండి. నాకు అన్నం పెట్టిన చెయ్యి. ఆ చేత్తో నన్నింక ముట్టుకోవద్దని మాత్రం చెప్పండి."

వకుళ వేషశాలకు అధికారిణి అయింది. జయసేనుడు రాజై రోజూ ఏదో ఒక వంకతో అక్కడికి వచ్చేవాడు. చివరికి వంకలు అయిపోయి, పెళ్లి చేసుకుంటావా అని అడిగేశాడు. ఆమె సరేనంది.

పెళ్లిపీటల దగ్గర పురోహితుడు, "పిల్లను పెంచినవారెవరు? వచ్చి కన్యాదానం చెయ్యండి," అని పిలిచాడు. జనంలో వెనక ఎక్కడో శరభయ్య లేచి నిలబడ్డాడు. వకుళ ఆయన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"నాకెవరూ లేరు పంతులుగారూ," అని, తన చేతిని తానే తీసుకెళ్లి జయసేనుడి చేతిలో పెట్టింది.