పరంగి అచ్చుబొమ్మలోని దళవాయి

మాసముల తరబడి ఫిరంగుల మోతకు చెవులు దిబ్బెడలు పడిన కొమ్మగిరి దుర్గము ఆ మధ్యాహ్నము ఒక్కసారిగా మూగవోయెను. బురుజులపై పొగ, కందకములో కూలిన గోడ, ఉత్తరద్వారముపై పరంగి జెండా. ఆ ద్వారపు గడియ తీసినది శత్రువు కాదు సుమా, సాక్షాత్తు మన మంత్రివర్యుడు కోనప్రగడయే!

పట్టుబడిన సైనికుల నడుమ మసిబారిన పంచెతో కోట సేనను నడిపిన దళవాయి సింగమనాయుడు నిలిచియుండెను. పొట్టివాడు, బక్కవాడు, మీసమైనను ఒత్తుగా మొలవనివాడు. చూచుటకు పిల్లి, పంజా తగిలిన పిమ్మటగాని పులియని తెలియదు.

పరంగి కప్తాను చేతిలో ఒక అచ్చుబొమ్మ. సింగమను కలలోనైనా కాంచని చిత్రకారుడెవడో సముద్రముల ఆవల చెక్కి కాగితముపై అచ్చొత్తినది. గుమ్మడికాయంత తలపాగా, బొడ్డుదాకా గడ్డము, క్రింద సింగమ పేరు! వారి సీమలో గోడగోడకు ఈ మహానుభావుడే వ్రేలాడుచున్నాడట.

అంతటి గడ్డము కోటలో మావటి బండెన్నకే కలదు. కప్తాను వానినే దళవాయి యనుకొని ఉరికొయ్య క్రిందికి ఈడ్పించి మెడకు త్రాడు వేయించెను.

"ఔను దొరా, సింగమను నేనే! మెల్లగా లాగవయ్యా, దళవాయి గడ్డమిది!" అని బండెన్న గద్దించెను.

సింగమకు ముళ్ళమీద నిలిచినట్లయ్యెను. ముందుకు వచ్చి, "దళవాయిని నేను. వానిని విడువుము" అనెను.

దుబాసి ఆ మాట తెలుపగా కప్తాను బొమ్మను చూచెను, ఈతనిని చూచెను, పకపక నవ్వెను.

"ఈతడే దొరవారూ! చిన్ననాటినుండి ఎరుగుదును" అని కోనప్రగడ చేతులు జోడించెను.

"ఏలికనే అమ్మినవాడవు, నీ మాట నేనెట్లు నమ్ముదును?" అనెను కప్తాను.

"ఓరి బక్కోడా, నీకెందుకురా ఈ గొప్పలు? పో!" అని అరచెను బండెన్న. నోట తిట్టు, కంట నీరు.

కప్తానుకు అనుమానము తగిలెను. ఉదయమునుండి తుపాకులు చూపి కూర్చోమన్నను ఖైదీలలో ఒక్కడును కూర్చోలేదు. యుద్ధభూమిలో దళవాయి చెప్పనిదే మోకాలు వంచరాదనుట కొమ్మగిరి సేన కట్టుబాటని దుబాసి తెలిపెను.

"దళవాయివైతే వీరిని కూర్చోబెట్టుము" అనెను బండెన్నతో.

"కూర్చోండిరా!" అని బండెన్న ఏనుగువలె ఘీంకరించెను. ఒక్క మోకాలైనను వంగలేదు.

సింగమ మెల్లగా, "కూర్చోండి నాయనలారా, అలసినారు" అనెను.

సేనయంతయు ఒక్క అలవలె కూర్చుండెను. పాత అలవాటున కోనప్రగడయును చతికిలబడెను!

కప్తాను నవ్వు ఆగెను. బండెన్న మెడనుండి ఉరిత్రాడు తానే తీసెను.

"నా మెడకు వదులగునేమో, బిగించి కట్టించుము దొరా" అని సింగమ తల వంచి, బండెన్న వంక తిరిగెను. "నీవును కూర్చోరా."

"కూర్చోను ప్రభూ."

కొమ్మగిరి సేనలో దళవాయి ఆజ్ఞ మీరినవాడు వాడొక్కడే.