పదును పెట్టిన ముఖం

ఫొటో ల్యాబ్ మాస్టారు ప్రాణం పోయేముందు చేసిన చివరి పని, ఫైలు సేవ్ చేయడం.

మూడు బుల్లెట్లు. మొదటిది వీపులో, రెండోది మెడలో, మూడోది తల వెనక. సైలెన్సర్ బిగించిన పిస్టల్ కాబట్టి పక్క గదిలో టీ తాగుతున్న నలుగురికీ ఏమీ వినపడలేదు. ఆయన చేతి కింద ఉండే పెన్ టాబ్లెట్ రక్తంతో నిండిపోయింది. మానిటర్ మీద మాత్రం సగం మసగ్గా, సగం స్పష్టంగా ఓ ఫొటో ఇంకా వెలుగుతూనే ఉంది.

అప్పటికి ఉదయం తొమ్మిదీ నలభై అయింది.

పది నిమిషాల్లో పిడుగు అక్కడ ఉన్నాడు. ఇంటెలిజెన్స్ విభాగంలో అతని అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎనిమిది వందల గజాల దూరం నుంచి కూడా గురి తప్పడని ఆ పేరు పెట్టారు. మాస్టారి దగ్గరే ఫొటోలు చదవడం నేర్చుకున్నాడు. ఆయన తల కిందికి జారకుండా పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేసరికి ఆ కళ్లలో తడి లేదు. మంట ఉంది.

"ఎవరు చూశారు ముందు?"

"నేను," గుమ్మం దగ్గర నుంచి మెరుపు అంది.

మెరుపు మాస్టారి అసిస్టెంట్. ఫ్యాషన్ పత్రికలకు మోడళ్ల ముఖాలు నునుపు చేసే ఉద్యోగం వదిలేసి విభాగంలోకి వచ్చింది. ఆమె కారిడార్‌లో నడిచి వెళ్తే ఫైళ్లు చదివేవాళ్లంతా అదే పేజీ రెండుసార్లు చదువుతారు. మెరుపు మెరిశాక పిడుగు పడక తప్పదని క్యాంటీన్‌లో జోకులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆమె కళ్లకాటుక చెంపల మీదికి కారింది.

విభాగం అధిపతి పెద్దాయన తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"టైం లేదు, విను. విదేశీ ఆయుధాల ముఠా మీద జడ్జిగారు రాసిన రిపోర్టు పదకొండున్నరకి బయటపెడతారు. అంతకు ముందు పదకొండుకి కోర్టు మెట్ల మీద గ్రూప్ ఫొటో. అక్కడే ఆవిణ్ని లేపేస్తారు."

"ఎవరు?"

"లోపలి మనిషి. మన ఇన్‌ఫార్మర్ పంపిన ఆఖరి మాట అంతే. నిన్న సాయంత్రం వంతెన కింద పీక తెగి దొరికాడు. వాడి చెప్పు అడుగున మెమరీ కార్డు. అందులో ఇదొక్కటే ఫొటో. ముఠావాళ్ల దగ్గర బ్యాగు తీసుకుంటున్నవాడే మనకి కావలసినవాడు."

పిడుగు మానిటర్ వైపు వంగాడు. కదులుతున్న కారులోంచి తీసిన ఫొటో. మాస్టారు కింద నుంచి పైకి పదును పెట్టుకుంటూ వచ్చారు. బూట్లు, గోడ ఇటుకలు, చొక్కా గుండీలు, బ్యాగు పట్టీ పట్టుకున్న కుడి చెయ్యి తేటగా ఉన్నాయి. భుజాల పైన అంతా పొగ.

"ఆయన పద్ధతే అంత," అన్నాడు పిడుగు. "ముఖం ఎప్పుడూ ఆఖర్నే. ముఖంతో మొదలుపెడితే కన్ను ఆశపడి లేనిదాన్ని కూడా చూస్తుందనేవారు."

"ఆ ముఖం దాకా రానివ్వలేదు వాళ్లు," అన్నాడు పెద్దాయన. "మెరుపూ, నువ్వు పూర్తి చెయ్యగలవా?"

"ఇరవై నిమిషాలివ్వండి సార్. ఎవరూ నా వెనక నిలబడొద్దు. చేతులు వణుకుతున్నాయి."

మాస్టారి కుర్చీని టవల్‌తో తుడిచి ఆమె కూర్చుంది. పెద్దాయన, పిడుగు శవాన్ని బయటికి మోయించే పనిలో పడ్డారు.

పదీ ఇరవైకి మెరుపు పిలిచింది. "ఫొటో మొత్తాన్ని మూడు విడతలు షార్పెన్ చేశాను. గ్రెయిన్ పెరిగి గరుకెక్కింది, తప్పదు. మనిషి మాత్రం దొరికాడు."

పెద్దాయన ముందు చూశాడు. చూసి, పిడుగు వైపు తిరగలేక కిటికీ వైపు తిరిగాడు.

పిడుగు వంగి చూశాడు. మానిటర్ మీద ఉన్నది అతని బావ. అక్క మొగుడు. నాలుగేళ్లుగా విభాగం తరఫున జడ్జిగారి బాడీగార్డ్. మొన్న ఆదివారం పిడుగు ఇంట్లో పంపు బాగుచేస్తానని వచ్చి, ఇల్లంతా తడిపి, నవ్వుతూ వెళ్లిన మనిషి.

"అబద్ధం," అన్నాడు పిడుగు.

"షార్పెనింగ్ అబద్ధం చెప్పదు," మెరుపు మెల్లిగా అంది. "కొత్తగా ఏదీ పుట్టించదు. ఉన్న అంచుకి ఇటు వెలుగు, అటు చీకటి పెంచుతుంది. అంతే. నీకు నేను చెప్పాలా?"

"అరెస్ట్ చేద్దాం సార్!"

"ఎలా?" పెద్దాయన కిటికీ దగ్గర నుంచే అన్నాడు. "వాడు ఆవిడకి మూరెడు దూరంలో ఉన్నాడు. చేతిలో తుపాకీ ఉంది. ఫోన్ మోగినా, మనవాడొకడు అడుగు ముందుకేసినా ఆవిడ పోతుంది. ఒక్క బుల్లెట్, దూరం నుంచి. ఎదుటి మేడ మీద నుంచి. ఇంకొకణ్ని పంపనా?"

ఇంకొకడి గురి బెత్తెడు తప్పితే జడ్జిగారు పోతారు. అది పిడుగుకి తెలుసు, పెద్దాయనకీ తెలుసు.

"నేనే వెళ్తాను."

"నేను పక్కనుంటాను. బైనాక్యులర్స్ నేను చూస్తాను," అంది మెరుపు.

"రేడియోలో 'క్లిక్' అంటే కాల్చు. 'బ్లర్' అంటే ఆపు," పెద్దాయన చెప్పాడు.

పదీ యాభై. ఎదుటి ఆరంతస్తుల మేడ మీద ఏసీలు రిపేరు చేసేవాళ్ల నీలం దుస్తుల్లో ఇద్దరు. ఆమె ఆ దుస్తుల్లో కూడా అందంగానే ఉంది. పిడుగు ట్రైపాడ్ కాళ్లు విప్పి, లోపల దాచిన రైఫిల్ గొట్టాలు ఒకదానికొకటి బిగించాడు. నిమిషంలో రైఫిల్ తయారైంది. ఫొటో ప్రింటుని పిట్టగోడకి టేపుతో అంటించాడు. ముఖం చూడకుండా అంటించాడు.

పదీ యాభై ఐదు. కోర్టు మెట్ల మీదికి జడ్జిగారు వచ్చారు. తెల్ల జుట్టు, చేతికర్ర. పక్కనే బావ. పిడుగు స్కోప్‌లో కన్ను పెట్టాడు. క్రాస్ తిన్నగా బావ నుదుటి మీద నిలిచింది. అక్క మొహం ఎలా చూడాలి? ఈ చేత్తో ఆమె పెట్టే ముద్ద ఎలా తినాలి?

"క్లిక్," రేడియోలో పెద్దాయన అన్నాడు.

పిడుగు వేలు ట్రిగ్గర్ మీద ఉండిపోయింది. ఒక నిమిషం. రెండు. కింద ఆహ్వానితులు వరసల్లో నిలబడుతున్నారు. మూడు.

"క్లిక్! ఏం చేస్తున్నావురా?"

"కాల్చు," మెరుపు చెవి దగ్గర అంది. "నీ బావ కాదు వాడు. ద్రోహి. కాల్చు."

ఎండ బావ చెంప మీద పడింది. ఆరు రెట్లు పెంచే స్కోప్‌లో ఆ చెంప కంకర రోడ్డులా ఉంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి వదిలేసిన గుంటలు. పెళ్లిచూపుల్లో అక్క ముందు చూసింది అవేనట.

పిడుగు కన్ను తీసి ప్రింటు వైపు చూశాడు.

ఇటుక గోడ మీది ప్రతి గరుకూ రెట్టింపైంది. చొక్కా మడతలు కత్తిగాట్లలా లేచాయి. దుమ్ము కూడా మిరియాలంత అయింది. ఇంత పదును పెట్టిన ఫొటోలో బావ చెంపలు మాత్రం పెళ్లికొడుకు చెంపల్లా నున్నగా ఉన్నాయి. ఒక్క గుంట లేదు. కళ్లు తెల్లగా తోమినట్టున్నాయి.

పదును పెడితే మచ్చలు బయటికి రావాలి. మాయం కాకూడదు. ఆ ముఖం ఈ ఫొటోది కాదు, బావ ఐడీ కార్డు ఫొటోలోంచి తెచ్చి అతికించింది. విభాగంలో అందరి ఐడీ కార్డుల ఫొటోలకీ ఇలా మెరుగుపెట్టిన చెయ్యి ఒక్కటే ఉంది.

"మచ్చలు తుడిచేశావు," అన్నాడు పిడుగు, తల తిప్పకుండానే. "నీ అలవాటు పోలేదు."

అతను పక్కకి దొర్లడం, ఆమె చేతిలో పిస్టల్ దగ్గడం ఒకేసారి జరిగాయి. బుల్లెట్ అతని పక్కటెముకల మీద చర్మాన్ని చీల్చుకుపోయింది. పొడవాటి సైలెన్సర్. మాస్టారి తల వెనక పెట్టిన సైలెన్సర్.

రెండో బుల్లెట్ రాకముందే పిడుగు ఆమె మోకాలి మీద తన్నాడు. ఎముక విరిగిన చప్పుడైంది. ఆమె అరవలేదు. పడుతూనే ప్రింట్లు కోసే బ్లేడుతో అతని చెవి కింద నుంచి దవడ దాకా గీసింది. వేడి రక్తం కాలర్‌లోకి దిగింది. పిడుగు ఆమె మణికట్టు పట్టి పిట్టగోడకేసి కొట్టాడు. ఒకసారి. రెండుసార్లు. బ్లేడు జారింది. ఆమె పళ్లు అతని చేతిలో దిగాయి. ఇద్దరూ పిస్టల్ కోసం ఒకరి మీద ఒకరు పడి దొర్లారు.

"ఆలస్యమైందిలే," ఆమె రక్తం మింగుతూ నవ్వింది. "నువ్వు కాల్చకపోయినా మావాడు కాల్చేస్తాడు. నీ బావ అడ్డం లేకపోతే పని తేలికయ్యేది. అంతే తేడా."

"మాస్టారు నీకు పని నేర్పారు!"

"అందుకే నొప్పి తెలియకుండా చంపాను."

ఆమె పిస్టల్ పైకి లాగింది. పిడుగు ఆ మణికట్టుని వెనక్కి విరిచాడు. గొట్టం ఆమె గడ్డం కిందికి తిరిగింది. ఆమె వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది. పిస్టల్ మరోసారి దగ్గింది. మెరుపు ఆ తర్వాత కదల్లేదు.

పదకొండుకి ఇంకా ముప్పై సెకన్లు. పెనుగులాటలో రేడియో ముక్కలైంది.

పిడుగు మోకాళ్ల మీద పాకి రైఫిల్ అందుకున్నాడు. వాడెవడు? మెట్ల మీద అరవై మంది. ముఖం అబద్ధం. మరి నిజం ఎక్కడుంది? అతను ప్రింటు మీద కారిన తన రక్తాన్ని మోచేత్తో తుడిచాడు. కింది సగం మాస్టారిది. మాస్టారు పని చేసిన సగంలో అబద్ధం లేదు. మెరుపు దానికి ఇంకాస్త పదును పెట్టిందే తప్ప ఏదీ మార్చలేదు. పెద్దాయన అప్పటికే చూసేశాడు కాబట్టి మార్చడానికి వీల్లేదు. పైగా ముఖాలకి మెరుగుపెట్టి బతికినవాళ్లు చేతుల్ని పట్టించుకోరు.

పట్టీ పట్టుకున్న కుడి చెయ్యి. నాలుగు వేళ్లే కనిపిస్తున్నాయి. చూపుడు వేలు మడిచాడని అందరూ అనుకున్నారు. మడవలేదు. కణుపు దగ్గరే తెగిపోయి ఉంది.

స్కోప్ చేతుల వెంట పరుగెత్తింది. నల్లకోట్ల చేతులు. పూలగుత్తి పట్టిన చేతులు. సెల్యూట్ కొట్టే చెయ్యి. అన్నిటికీ వేళ్లున్నాయి.

ఇరవై సెకన్లు. కింద కోర్టు ఆస్థాన ఫొటోగ్రాఫర్ మూడు కాళ్ల స్టాండు వెనక నిలబడి, బావని పక్కకి జరగమని ఎడం చేత్తో సైగ చేస్తున్నాడు. బావ జరగలేదు. జడ్జిగారే కర్రతో అతని బూటు మీద తట్టి ఏదో అన్నారు. బావ ఇష్టం లేకుండా ఒక అడుగు పక్కకి వేశాడు.

"అందరూ ఇటు చూడండి! ఒకటి..."

ఫొటోగ్రాఫర్ కుడి చెయ్యి కెమెరా బటన్ మీదికి వెళ్లింది. ఏ ఫొటోగ్రాఫరైనా బటన్ చూపుడు వేలితో నొక్కుతాడు. వీడు మధ్యవేలు పెట్టాడు. దాని పక్కన ఒక మొండి.

"రెండు..."

ఆ పొడవాటి లెన్స్‌లో అద్దం మెరవడం లేదు. లోపల నల్లటి బోలు గొట్టం ఉంది.

పిడుగు ఊపిరి బిగబట్టి కాల్చాడు.

బుల్లెట్ ఆ మధ్యవేలినీ, బటన్‌నీ, కెమెరా సగాన్నీ కలిపి పట్టుకుపోయింది. లెన్స్ ఆకాశంలోకి పేలి, కోర్టు గడియారం అద్దం బద్దలైంది. మెట్ల మీద కేకలు. ఫొటోగ్రాఫర్ తెగిన చేతిని కడుపుకి అదుముకుని ఎడం చేత్తో నడుము దగ్గర నుంచి రివాల్వర్ లాగాడు. అప్పటికే బావ జడ్జిగారి మీద గోడలా పడ్డాడు. రివాల్వర్ ఒక్కసారి పేలింది. అది బావ భుజంలోంచి దూసుకెళ్లింది. బావ పడుకున్నచోటి నుంచే రెండుసార్లు కాల్చాడు. ఫొటోగ్రాఫర్ తన స్టాండునే కౌగిలించుకుని దాంతో పాటే మెట్లన్నీ దొర్లాడు.

పదకొండున్నరకి జడ్జిగారు రిపోర్టు చదివారు. చెప్పిన టైం కంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు.

అంబులెన్స్ వెనక మెట్టు మీద బావ భుజానికి కట్టు కట్టించుకుంటున్నాడు. పిడుగు దవడకి దూది అదుముకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన అన్నీ చెప్పేసినట్టున్నాడు. బావ అతని మొహంలోకే చూశాడు.

"నిజం చెప్పు. ఎంతసేపు పెట్టావురా గురి?"

"నాలుగు నిమిషాలు బావా."

ఆ మాటతో పిడుగు ఏడ్చాడు. నర్సు చూస్తున్నా, డ్రైవర్ చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాడు. బావ బాగున్న చేత్తో అతని మెడ పట్టి దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరి రక్తం ఒకరి చొక్కాకి ఒకరిది అంటింది.

"ఈ సంగతి మీ అక్కకి మాత్రం చెప్పకు."

"చెబితే నన్ను చంపేస్తుంది."

"అది కాదురా. నన్ను కాల్చాలా వద్దా అని తేల్చుకోవడానికి నీకు నాలుగు నిమిషాలు పట్టిందంటే నవ్విపోతుంది. తను రోజూ పొద్దున్నే రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది."