ఐసుఫ్యాక్టరీ మలుపులో ఆకుపచ్చ కారు

ఏలూరు నుంచి కైకలూరు పోయే దారిలో, కొల్లేటి ఒడ్డున, మూతపడిన ఐసుఫ్యాక్టరీ ఒకటుండేది. దాని ముందు రోడ్డు ఉన్నట్టుండి కుడిచేతి వైపు తిరుగుతుంది. ఎడమపక్కంతా నీళ్లే. ఆ మలుపు పేరు చెబితే చేపల లారీ డ్రైవర్లు కూడా పొద్దుండగానే దాటేద్దామని చూసేవాళ్లు.

అక్కడ తెల్లచీర ఆడమనిషి నిలబడుతుందని చెప్పుకునేవారు. చెయ్యెత్తదు, పిలవదు... వచ్చే బండి వైపు చూస్తూ ఉంటుంది, అంతే.

కొన్నేళ్ల కిందట అబ్బాయిరాజు అనే కుర్రాడి కారు అక్కడే నీళ్లలోకి వెళ్లిపోయింది. వెళ్లే ముందు అతని పక్కన తెల్లచీర మనిషి కూర్చుని ఉండటం దోనెలో వస్తున్నవాళ్లు దూరం నుంచి చూశారట. వలలేసి వెతికితే దొరికింది మాత్రం అబ్బాయిరాజు ఒక్కడే. ఇంకేముంది... దెయ్యమే కారెక్కి తీసుకుపోయిందన్నారు.

నెల్సన్ గారికి ఇవేమీ తెలియవు. ఆయన తాడేపల్లిగూడెంలో టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగి. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆయనకి బండ్ల పిచ్చి. ఏలూరులో ఒక పాత ఇనుము కొట్టు వెనకాల, తుప్పల్లో పడున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఆయన కంట పడింది. ఎప్పటిదో ఇంగ్లండు బండి. ఆకుపచ్చ రంగు, పైన టాపు లేదు. "వరదలో మునిగిందండీ, అంతకు మించి నాకు తెలియదు" అన్నాడు కొట్టాయన.

ఇక ఇంటి వెనక రేకుల షెడ్డులో దాంతోనే కాపురం. తలుపుల లోపలి అట్టలు విప్పితే ఎండిన ఒండ్రు, నత్తగుల్లలు గలగలా రాలాయి. ఇంజను ఆయనే దింపారు, ఆయనే ఎక్కించారు. కార్బొరేటర్ పనికిరాకపోతే మారుతీ వ్యానుది తెచ్చి, మధ్యలో రేకు కోసి బిగించారు. ఎడమ తలుపు మాత్రం చాన్నాళ్లు సతాయించింది. పిడి పైకెత్తి, మోకాలితో లోపలికి ఒక్క తోపు తోసి లాగితేనే వస్తుంది. ఆ కిటుకు కనిపెట్టడానికే ఓ నెల పట్టింది.

ముందు చక్రాల్ని తిప్పే స్టీరింగు కడ్డీ విరిగి ఉంది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. ఆయనే వెల్డింగు పెట్టేశారు.

"దాని జోలికి మీరెందుకండీ, కొత్తది చేయించకూడదా" అంది భార్య షారోన్.

"గట్టిగానే ఉందిలే" అన్నారు.

2007 డిసెంబరులో ఆ కారు రోడ్డెక్కింది. కైకలూరులో ఉన్న చెల్లెలు లిడియాకి చూపిద్దామని నెల్సన్ గారు ఒక్కరే బయల్దేరారు. ఏలూరు దాటేసరికే చీకటి పడింది. మంచు దిగుతోంది. ఊళ్లలో కరెంటు లేదు. ఇంజను చప్పుడు నీళ్ల మీదుగా చాలా దూరం పోతోంది...

సరిగ్గా ఐసుఫ్యాక్టరీ మలుపుకి కాస్త ఇవతల బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పెట్రోలు పైపులో గాలి చేరి ఉంటుందనుకున్నారు ఆయన. దిగి, బానెట్ ఎత్తి, టార్చి పళ్ల మధ్య పెట్టుకుని క్లిప్పు విప్పుతున్నారు. ఎక్కడా మనిషి అలికిడి లేదు. నీళ్లలో ఏదో పిట్ట తపతపలాడి ఊరుకుంది.

అప్పుడు — కారు ఒక పక్కకి కొద్దిగా వంగింది.

తలుపు మూసుకున్న చప్పుడు.

ఆయన మెల్లగా బానెట్ దించారు.

ఎడమ సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. తెల్లచీర. నెత్తి మీదుగా కొంగు. చూపు రోడ్డు మీదే.

ప్రభువా అనుకున్నారట లోపల్లోపలే. భయంలోనూ ఆయన బుర్రలో ఒకటే తిరుగుతోంది — ఆ తలుపు ఎలా తెరిచింది? దాన్ని తెరవడం బయటివాళ్లెవరికీ చేతకాదే!

"పద నాయనా" అంది ఆ మనిషి, చాలా నెమ్మదిగా. "పొద్దుపోయింది."

ఇంతలో గట్టు దిగువ నుంచి టార్చి వెలుగు ఊగుతూ వచ్చింది. ఒకామె ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది.

"భయపడకండి... మా అమ్మండీ ఆవిడ. అచ్చాయమ్మ. నా పేరు కుసుమ. ఈ చప్పుడు వినపడగానే గేటు తీసుకుని వచ్చేసింది." ఆమె కారు వైపు చూసి ఆగిపోయింది. "మా అన్నయ్య అబ్బాయిరాజు బండండీ ఇది."

అన్నయ్య ఎలా పోయాడో రెండు మాటల్లో చెప్పింది. ఆ రోజు నుంచి తల్లి పెదవి విప్పలేదట. ఇంట్లోవాళ్ల కళ్లు కప్పి సాయంత్రాలు ఈ మలుపులోకొచ్చి నిలబడుతుందట.

"ఇప్పుడు మాట్లాడారండీ" అన్నారు నెల్సన్ గారు. "పద నాయనా అన్నారు."

కుసుమ నమ్మలేనట్టు చూసింది. తల్లి చెయ్యి పట్టుకుని దిగమంది. ఆవిడ కదల్లేదు.

"ఏమీ అనుకోకండి, ఇల్లు ఆ మలుపు దాటగానే. కాస్త దింపుతారా? నేను పక్కనే నడిచి వస్తాను."

పైపు సరిచేసి తాళం తిప్పితే బండి స్టార్టయింది. మెల్లగా, మనిషి నడకతో సమానంగా పోనిచ్చారు. కుసుమ ఆయన వైపు తలుపు మీద చెయ్యి వేసి నడుస్తోంది. మలుపు దగ్గరపడింది.

అచ్చాయమ్మ ఉన్నట్టుండి ముందున్న కమ్మీ పట్టుకుంది.

"లాగుతుంది" అంది. "ఎడమపక్కకి లాగుతుంది. ఆపు నాన్నా."

అదేమిటో అర్థమయ్యేలోపే నెల్సన్ గారి చేతుల్లో స్టీరింగు వదులైపోయింది. కుడికి తిప్పుతున్నారు... చక్రాలు తిరగడంలేదు. బండి తనంతట తనే ఎడమకి, నీళ్ల వైపుకి మళ్లింది. బ్రేకు మీద నిలబడిపోయారు. ముందు చక్రం గట్టు అంచు మీద ఆగింది. మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్నాయి.

ఆయన దిగి కింద టార్చి వేసి చూశారు. తను వెల్డింగు పెట్టినచోటే కడ్డీ రెండుగా విడిపోయి ఉంది. మామూలుగా వచ్చే వేగంలో వచ్చి ఉంటే...

"మీకెలా తెలిసిందండీ?" అని అడిగారట ఆవిణ్ణి.

"అప్పుడూ ఇంతే" అంది అచ్చాయమ్మ. "వాడూ ఇలాగే తిప్పాడు. తిరగలేదు."

కుసుమ చేతిలో టార్చి కిందికి వాలిపోయింది.

"అమ్మా... ఆ రోజు నువ్వు ఇంట్లో ఉన్నావు కదే. నేను గణపవరం నుంచి వచ్చేసరికి తడిచీరతో వాకిట్లో కూర్చున్నావు. కబురు విని నీళ్లలోకి పరిగెత్తావనుకున్నాం..."

అచ్చాయమ్మ నీళ్ల వైపే చూస్తోంది.

"రెండు చేతులా పట్టుకున్నానే కుసుమా" అంది. "బరువైపోయాడు."